వాన పడితే కారు లోపల తడి: నీరు ఎక్కడ దూరుతోందో పట్టుకోవడం ఎలా

ముందుగా ఆ సిలికాన్ ట్యూబును పక్కన పెట్టేయండి. మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: గట్టి వాన పడ్డ ప్రతిసారీ డ్రైవర్ పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిసిపోతోంది, మెకానిక్ ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశాడు, తగ్గలేదు, ఇప్పుడు నాలుగు డోర్ల రబ్బరు బీడింగులూ మార్చేద్దాం అంటున్నాడు. ఒప్పుకోవద్దు. నీరు ఎక్కడ దూరుతోందో ఇంకా ఎవరూ చూడలేదు. చూడకుండా ఏది మార్చినా అది ఊహే, ఆ ఊహ తప్పో ఒప్పో మళ్లీ గట్టి వాన వచ్చేదాకా మీకు తెలియదు, ఈలోగా కార్పెట్ కింద రేకు తుప్పు పడుతూనే ఉంటుంది.

లీకుల విషయంలో చాలామంది ఆలోచన మొదట్లోనే పక్కదారి పడుతుంది. కారంటే నీరు చొరబడని డబ్బా అనీ, ఎక్కడో సందు పడింది కాబట్టి నీరు వస్తోందనీ, ఆ సందు మూసేస్తే చాలనీ అనుకుంటారు. నిజానికి కారును తయారు చేసిందే కొంత నీరు లోపలికి వస్తుందన్న లెక్కతో. డోర్ అద్దం మీద జారే వాన, అద్దాన్ని ఆనుకుని ఉన్న రబ్బరు పట్టీని దాటి డోర్ పొట్టలోకి దిగుతుంది, డోర్ అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ముందు అద్దం మీది నీరు వైపర్ల కింద ఉన్న తొట్టిలోకి దిగి పక్కల నుంచి కిందికి పోతుంది. సన్‌రూఫ్ ఉంటే, దాని చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాలని పెట్టింది కూడా కాదు. కింద ఒక ట్రే ఉంటుంది, ట్రే మూలల నుంచి పైపులు ఉంటాయి. అంటే నీరు రావడానికి దారి ఉంది, పోవడానికీ దారి ఉంది. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం ఆ పోయే దారి మూసుకుపోవడం వల్ల వచ్చినవే. అందుకే ఏదైనా మూసే ముందు, తెరుచుకుని ఉండాల్సినవి తెరుచుకునే ఉన్నాయా అని చూడాలి.

ఇంకో సంగతి, తడి కనిపించిన చోటే నీరు దూరిందని అనుకోకండి. మేడ మీద పగులు ఒక మూల ఉంటే గదిలో చెమ్మ ఇంకో మూల కనిపించినట్టే ఇక్కడా జరుగుతుంది. నీరు రేకు అతుకుల వెంట, వైరింగ్ కట్టల వెంట, లైనింగ్ వెనకాల జారుకుంటూ వచ్చి ఎక్కడ పల్లం దొరికితే అక్కడ ఆగుతుంది. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుని పక్కకి లాక్కుంటుంది కూడా. ముందు కాళ్ల దగ్గర కనిపించే నీరు వెనక డోర్ నుంచి వచ్చి ఉండొచ్చు, కారు ముక్కు పల్లానికి ఉండేలా పార్క్ చేసే అలవాటు ఉంటే మరీను.

అసలు అది వాన నీరేనా అన్నది ముందు తేల్చుకోండి. మీరు చెప్పిన చోట తడికి ఏసీ చాలా మామూలు కారణం. ఏసీ లోపలి కాయిల్ డ్యాష్‌బోర్డ్ వెనకాల ఉంటుంది, దాని మీద పేరుకున్న నీరు ఒక చిన్న పైపు ద్వారా ఇంజిన్ వైపుకో కారు కిందికో పోవాలి. ఆ పైపు దుమ్ముతో మూసుకుపోతే నీరు వెనక్కి పొంగి సరిగ్గా కాళ్ల దగ్గరే పడుతుంది. వానాకాలంలో గాల్లో తేమ ఎక్కువ, అద్దాలకు మంచు పట్టకుండా ఏసీ వేస్తూనే ఉంటాం, దాంతో ఇది వాన లీకేనని పొరబడటం చాలా తేలిక. పరీక్ష కూడా అంతే తేలిక: ఉక్కగా ఉన్న రోజు అరగంట ఏసీ నడిపి కారు ఆపితే కింద చుక్కలు పడుతూ ఉండాలి. నేల పొడిగా ఉండి లోపల తడిగా ఉంటే ఆ పైపు సంగతి చూసుకోండి. ఇంకొకటి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. తెల్ల టిష్యూ కాగితం ఆ తడి మీద గట్టిగా అదిమి చూడండి. రంగు అంటుకున్నా, వేళ్లకు జిడ్డుగా తగిలినా, తియ్యటి వాసన వస్తున్నా, ముందు అద్దం లోపలివైపు నూనె పూసినట్టు పొర పడుతున్నా అది హీటర్ నుంచి కారుతున్న కూలెంట్. అది విషం, నాలుకతో రుచి చూసే పని ఎప్పుడూ చేయకండి. వాన నీరయితే టిష్యూకి మట్టి రంగు తప్ప ఇంకేమీ అంటదు.

తర్వాత రెండు మూడు వానలు ఓపిగ్గా గమనించండి. కారు ఆపి ఉన్నప్పుడు పడ్డ వానకే తడుస్తోందా, వానలో నడిపినప్పుడు మాత్రమేనా? నడిపినప్పుడే అయితే చక్రాలు చిమ్మే నీటిని అనుమానించాలి: చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ ఊడిపోయి ఉండొచ్చు, ఫ్లోర్ రేకులో ఉండే రబ్బరు బిళ్ల ఒకటి పడిపోయి ఉండొచ్చు. బ్రేక్ వేయగానే పైన లైటు దగ్గర నుంచో, మలుపు తిరిగినప్పుడు పిల్లర్ (రూఫ్‌ను మోసే నిలువు స్తంభం) పక్క నుంచో నీరు బుడుక్కున పడితే పైన ఎక్కడో నీరు నిలిచి ఉందని అర్థం. కారు ముక్కు ఎత్తుకి ఉన్నప్పుడు ఒకచోట, పల్లానికి ఉన్నప్పుడు ఇంకోచోట తడి వస్తోందా అన్నది కూడా చూడండి. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా బయటికి లాగి చూడండి, ఇది చాలామందికి తట్టదు. బెల్టు చుట్టుకునే భాగం పిల్లర్ లోపల కింద ఉంటుంది కాబట్టి, ఎప్పుడూ బయటికి రాని ఆ ముక్క మీద తడి గానీ మరక గానీ ఉంటే నీరు పైకప్పు నుంచి ఆ పిల్లర్ గుండానే దిగుతోందన్నమాట.

ఇప్పుడు విప్పాలి. కార్పెట్ పైన చెయ్యి పెట్టి పొడిగా ఉందనుకుంటే మోసపోతారు, పైన పొడిగా ఉండి కింద ఫోమ్‌లో లీటర్ల కొద్దీ నీరు ఉండటం మామూలే. డోర్ గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీ, కాలి పక్కనుండే చిన్న ప్యానెల్ సాధారణంగా క్లిప్పులతోనే ఉంటాయి, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ పెట్టి నెమ్మదిగా లేపితే వస్తాయి. కార్పెట్ అంచు లేపి ఫోమ్‌ను ముందు, వెనక, పక్కల అదిమి ఎక్కడ ఎక్కువ తడిగా ఉందో చూడండి. రేకు కనిపించేలా చేసి టార్చి వేయండి. నీరు పదే పదే నడిచిన దారిలో తెల్లటి చార గానీ, మట్టి గీత గానీ, సన్నటి తుప్పు గీత గానీ ఉంటుంది. ఆ గీత ఎంత పైదాకా వెళ్తుందో అంత పైదాకా పోండి. లీకు వెతకడమంటే తడి దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కుతూ పోవడం, మొదటి పొడి చోటు తగిలేదాకా. పిల్లర్ ట్రిమ్ మాత్రం బలంగా పీకకండి, చాలా కార్లలో దాని వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. సీటు తీయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ కనెక్షన్ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, అప్పుడే సీటు కింది పసుపు కనెక్టర్లను ముట్టుకోండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ప్రమాదంలో సీటు బెల్టును బిగించే ప్రిటెన్షనర్లవి. ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ కారయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు.

మీ విషయంలో నేను మొదట చూసేది వైపర్ల కింద తొట్టి. బానెట్ ఎత్తితే ముందు అద్దం కింద అడ్డంగా ఒక ప్లాస్టిక్ కవర్ కనిపిస్తుంది, దాని కిందే ఈ తొట్టి ఉంటుంది. చెట్ల కింద పార్క్ చేసే కార్లలో ఆకులు, పూలు, పుల్లలు ఆ కవర్ సందుల్లోంచి దిగి, కుళ్లి, నల్లటి ముద్దలా మారి, నీరు పోయే రంధ్రాలను మూసేస్తాయి. ఎంత నీరు వస్తుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. ముందు అద్దం, దాని పైన కొంత రూఫ్ కలిపి ఒక చదరపు మీటరు అనుకున్నా, 20 మిల్లీమీటర్ల వానకు 20 లీటర్ల నీరు ఆ తొట్టి గుండా పోవాలి. రంధ్రం సగం మూసుకుపోయినా చిన్న వానకు ఏమీ తెలియదు, గట్టి వానకు తొట్టి నిండుతుంది. క్యాబిన్‌లోకి బయటి గాలి పీల్చుకునే మూతి కూడా ఆ తొట్టిలోనే, అడుగు కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది. నీటి మట్టం ఆ అంచు దాటగానే నీరు నేరుగా బ్లోయర్ (ఏసీ ఫ్యాను) పెట్టెలోకి దూకి, అక్కడి నుంచి గ్లవ్ బాక్స్ కింద పడుతుంది. చాలా కార్లలో ఆ మూతి డ్రైవర్ పక్క సీటు వైపే ఉంటుంది. గట్టి వానకే తడుస్తోందని మీరు చెప్పిన మాట నాకు ఇందుకే ముఖ్యమనిపించింది.

దీన్ని తేల్చడానికి క్యాబిన్ ఫిల్టర్ (లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) తీసి చూడండి, సగం కేసు అక్కడే తేలిపోతుంది. ఫిల్టర్ తడిగా ఉన్నా, ఎండిన నీటి మరక గీతలు ఉన్నా, ముడుచుకుపోయి ఉన్నా నీరు గాలి దారిలోంచి వస్తోంది. బ్లోయర్ ఆన్ చేసినప్పుడు గుడగుడమన్నా అంతే. ఈమధ్య ఫిల్టర్ మార్పించి ఉంటే దాని మూత సరిగ్గా కూర్చుందా చూడండి, ఎందుకంటే కొన్ని కార్లలో ఫిల్టర్ ఆ తొట్టిలోనే ఉంటుంది, పైన నీరు పడకుండా ఒక చిన్న ప్లాస్టిక్ గొడుగు ఉంటుంది, దాన్ని తిరిగి పెట్టకుండా వదిలేసినా, క్లిప్పు ఒకటి పడకపోయినా వానకి కారుతుంది. తొట్టి శుభ్రం చేసేటప్పుడు చెత్తను చేత్తోనో వాక్యూమ్‌తోనో పైకి తీయండి, పైపుతో నీరు కొట్టి కిందికి తోయకండి, అది పోయి ఇంకా లోతుగా ఇరుక్కుంటుంది. రంధ్రం చివర రబ్బరు మూతి ఉండే కార్లలో ఆ మూతి పెదవులు బురదతో అతుక్కుపోయి ఉంటాయి, దాన్ని వేళ్లతో నలిపితే చాలాసార్లు ఒక్కసారిగా నల్లనీరు బయటికి వస్తుంది. చివర్లో ఒక చెంబుడు నీరు తొట్టిలో పోసి, రెండు పక్కలా కింద గబగబా బయటికి వస్తోందో లేదో చూడండి.

అదే చోట ఫైర్‌వాల్‌లోంచి, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడలోంచి, వైర్లు వెళ్లే రబ్బరు గ్రోమెట్లు (వైరు చుట్టూ కన్నాన్ని మూసే రింగులు) కూడా చూడాలి. మీ కారులో తర్వాత పెట్టించిన ఫాగ్ లైట్లు, ఆంప్లిఫయర్, అలారం లాంటివి ఉంటే ముందు ఆ వైర్లను వెతకండి. తొందరలో గ్రోమెట్‌కు కన్నం పెట్టి వైరు దూర్చేసి వదిలేస్తారు, ఆ వైరు వెంటే నీరు చుక్కచుక్కగా లోపలికి నడుస్తుంది. వైరు లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వచ్చేలా సర్దితే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ఆ తర్వాత కన్నం చుట్టూ సరైన సీలెంట్ పెట్టుకోవచ్చు.

సన్‌రూఫ్ ఉందో లేదో మీరు చెప్పలేదు. ఉంటే దాన్ని తొట్టితో సమానంగా అనుమానించాలి. ముందు రెండు పైపులు ముందు పిల్లర్ల గుండా దిగి డోర్ కీళ్ల దగ్గరో ముందు చక్రం వెనకో తెరుచుకుంటాయి, వెనక రెండు వెనక చక్రాల వైపో బంపర్ వెనకకో పోతాయి. సన్‌రూఫ్ తెరిచి, ట్రే మూలలో ఒక చిన్న గ్లాసు నీరు నెమ్మదిగా పోయండి. కొద్ది క్షణాల్లో కింద బయటికి రావాలి. ట్రేలో నిలిచిపోతే పైపు మూసుకుపోయింది. ట్రే ఖాళీ అయింది కానీ బయట ఏమీ రాలేదంటే ఇంకా పెద్ద చిక్కు, పైపు మధ్యలో ఎక్కడో ఊడిపోయి నీరు పిల్లర్ లోపలే పడుతోందన్నమాట, దాని కింద ఫ్యూజు బాక్సు ఉండే కార్లూ ఉన్నాయి. పైపు శుభ్రం చేయడానికి గడ్డి కోసే మిషన్లలో వాడే నైలాన్ తీగ బాగా పనికొస్తుంది, కొసను కాస్త గుండ్రంగా చేసి నెమ్మదిగా తిప్పుతూ దింపండి. ఇనుప తీగ వద్దు, పైపును చీలుస్తుంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టించవద్దు, అతుకు దగ్గర పైపు ఊడిపోతే రూఫ్ లైనింగ్ దించితే తప్ప మళ్లీ పెట్టలేరు.

డోర్ల విషయానికొస్తే, మీ మెకానిక్ చెప్పిన బీడింగుల కన్నా నేను ఎక్కువగా అనుమానించేది డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు కవర్) వెనక ఉండే ప్లాస్టిక్ షీటును. డోర్ పొట్టలోకి దిగిన నీరు క్యాబిన్ వైపు రాకుండా ఆపేది అదే, నల్లటి జిగురు పట్టీతో చుట్టూ అతికించి ఉంటుంది. స్పీకర్లు మార్చినప్పుడో, అద్దం మోటారు బాగు చేసినప్పుడో దాన్ని చింపి, తిరిగి సరిగ్గా అతికించకుండా వదిలేస్తే, నీరు ప్యాడ్ లోపలి నుంచి గుమ్మం మీదికి కారి కార్పెట్ కిందికి పోతుంది. పైకి చూస్తే బీడింగ్ పోయినట్టే కనిపిస్తుంది, కొత్త బీడింగ్ వేసినా కారుతూనే ఉంటుంది, ఎందుకంటే నీరు బీడింగ్‌కి లోపలివైపు దిగుతోంది. వాన వెలిశాక డోర్ తెరిచి ప్యాడ్ కింది అంచును వేలితో తడమండి, అక్కడ తడిగా ఉండి బీడింగ్ బయటి వైపు మాత్రమే తడిగా ఉంటే ఈ షీటే. బ్రేక్ వేసినప్పుడు డోర్‌లో నీరు ఊగిన చప్పుడు వస్తుంటే అడుగు రంధ్రాలు మూసుకుపోయాయి, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో కుళ్లగించండి. షీటు అతికించడానికి మామూలు టేపు పనికిరాదు, నాలుగు రోజుల్లో ఊడుతుంది, బ్యూటైల్ టేపు వాడండి, అతికించే ముందు పాత జిడ్డు తుడవండి.

బీడింగ్‌ను కూడా పరీక్షించకుండా వదలమనడం లేదు. ఒక కాగితం ముక్క బీడింగ్ మీద పెట్టి డోర్ వేసి లాగండి. చుట్టూ ఒకే పట్టుతో రావాలి, ఒకచోట తేలిగ్గా జారిందంటే అక్కడ ఒత్తిడి లేదు. అప్పుడు కూడా బీడింగ్ కన్నా ముందు డోర్ కీళ్లు వాలాయా, లాక్ కొక్కెం సర్దుబాటు తప్పిందా అని చూడాలి, ఎప్పుడైనా డోర్‌కు దెబ్బ తగిలిన కారయితే ఇంకా తప్పకుండా చూడాలి.

ఇవన్నీ కంటితో చూశాక కూడా తేలకపోతే నీళ్ల పరీక్ష. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. కారు మొత్తం మీద ఒకేసారి నీరు కొట్టి లోపల తడి వచ్చిందని చూస్తే మీకు కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. ప్రెషర్ వాషర్ అసలు వాడవద్దు, ఎంత భోరున వాన పడినా లోపలికి రాని రబ్బరును కూడా అది దాటేస్తుంది, లేని లీకు చూపిస్తుంది. నాజిల్ లేని మామూలు పైపు, నీరు మెత్తగా జారేంత ధార చాలు. ముందు లోపల అంతా పూర్తిగా ఆరాలి, తడి మీద తడి కనిపించదు. కార్పెట్ లేపి ఉంచండి, రేకు మీద, పిల్లర్ అడుగున, ఫైర్‌వాల్ మీద టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి, ఒక్క చుక్క దాని మీద నడిచినా గీత పడుతుంది. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి, బయట ఒకరు పైపు పట్టుకోవాలి, డోర్లన్నీ మూసి ఉండాలి.

కింది నుంచి పైకి పోండి, ఇది తిరగేస్తే పరీక్ష దండగ, పైన పోసిన నీరు కిందికి జారి అన్ని చోట్లనీ తడిపేస్తుంది, ఎక్కడ దూరిందో మళ్లీ తెలియదు. ముందు గుమ్మం, చక్రం వంపు, తర్వాత డోర్ కింది సగం, తర్వాత వైపర్ల తొట్టి, తర్వాత డోర్ అద్దం, తర్వాత ముందు అద్దం అంచులు, చివరికి రూఫ్. ఒక్కో చోట కనీసం ఐదు నుంచి పది నిమిషాలు పోయాలి. రెండు నిమిషాలు పోసి ఏమీ రాలేదని ముందుకు పోతే, పాత చోట దూరిన నీరు అప్పుడే నింపాదిగా దిగివచ్చి కొత్త చోటు మీద నింద వేస్తుంది. లోపల కూర్చున్నవాళ్లు గ్లవ్ బాక్స్ తీసేసి బ్లోయర్ పెట్టె మీదా, డ్యాష్‌బోర్డ్ కింద మూలలోకీ చూస్తూ ఉండాలి, వేళ్లతో తడుముతూ ఉండాలి, చాలాసార్లు కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. తడి కనిపించగానే నీరు ఆపేసి, ఆరబెట్టి, అదే చోట మళ్లీ పోసి చూడండి. రెండోసారి కూడా వస్తేనే దాన్ని నమ్మండి.

ఒక్కరే ఉన్నా చేయగల పరీక్ష ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అన్ని అద్దాలూ డోర్లూ మూసి, బ్లోయర్ పూర్తి వేగంలో, బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టండి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. ఇప్పుడు బయట నుంచి అద్దాల అంచులకు, డోర్ చుట్టూ, రూఫ్ మీద ఉండే పొడవాటి పట్టీల వెంట, యాంటెన్నా అడుగున సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. గాలి బయటికి వచ్చే చోట బుడగలు వస్తాయి, గాలి బయటికి వచ్చే చోట నీరు లోపలికి పోగలదు. డిక్కీ పక్కల, బంపర్ వెనక గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన రెక్కల రంధ్రాలు ఉంటాయి, అక్కడ గాలి వస్తే కంగారు పడకండి. మూసుకుపోయిన తొట్టిని గానీ సన్‌రూఫ్ పైపును గానీ ఈ పరీక్ష పట్టుకోలేదు, కాబట్టి నీళ్ల పరీక్షకు ఇది తోడు, దాని బదులు కాదు. పెద్ద వర్క్‌షాపుల్లో అల్ట్రాసోనిక్ పరికరం ఉంటుంది, శబ్దం చేసే పెట్టె లోపల పెట్టి, బయట రిసీవర్‌తో అంచుల వెంట వింటారు, దొరికితే చేయించుకోండి, సబ్బు నీళ్లకు కనపడని సన్నటి సందును కూడా అది చెప్తుంది.

ఇక ముందు అద్దం. అది నిజంగానే కారుతూ ఉండొచ్చు, ఎప్పుడైనా మార్పించిన అద్దమైతే మరీ ఎక్కువగా. కానీ దానికి మందు పైన సిలికాన్ పూయడం కాదు. అద్దాన్ని పట్టి ఉంచేది యురేథేన్ జిగురు, కారు బలంలో ఆ అతుకుకు కూడా భాగం ఉంది, చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆనుకునేది ఆ అద్దానికే. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రేకుకు తుప్పు తెస్తుంది. పైగా సిలికాన్ అవశేషం ఉన్నచోట తర్వాత యురేథేన్ సరిగ్గా పట్టదు, రేపు సరైన పని చేయించాలన్నా ముందు దాన్నంతా గీకించాల్సి వస్తుంది. అద్దం నుంచే అని పరీక్షలో తేలితే, అద్దం ఊడదీసి, కింది రేకు మీద తుప్పు గీకి, ప్రైమర్ వేసి, మళ్లీ అతికించడమే సరైన పద్ధతి. అతికించాక ఎంతసేపు బండి కదపకూడదో వాళ్లను అడిగి తెలుసుకోండి, ఆ సమయం జిగురును బట్టి, గాలిలో తేమను బట్టి మారుతుంది.

రూఫ్ మీద రెండు పక్కలా ఉండే నల్ల పట్టీల కింద రేకుల అతుకు ఉంటుంది, అక్కడి సీలెంట్ పాత కార్లలో బీటలు వారుతుంది. పైన లగేజీ రాడ్లు ఉంటే వాటి బోల్టుల అడుగు కూడా చూడండి. రెండూ నీటిని పిల్లర్ గుండా మీరు చెప్పిన చోటికే తేగలవు.

డిక్కీలో కూడా తడి ఉందేమో ఒకసారి స్టెప్నీ తీసి చూడండి. అక్కడ నీరు ఉంటే వెనక లైట్ల వెనకుండే ఫోమ్ గాస్కెట్లు, పైనుండే మూడో బ్రేక్ లైటు, ఇందాక చెప్పిన గాలి రెక్కలు, డిక్కీ డోర్‌లోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం, ఈ వరసలో చూసుకోవాలి. వెనక అద్దానికి వైపర్ ఉంటే దానికి నీరు తీసుకెళ్లే సన్న పైపు చాలా కార్లలో రూఫ్ లైనింగ్ పైనుంచి పోతుంది, అది ఊడితే వాన లేకపోయినా, వాషర్ నొక్కినప్పుడల్లా లైనింగ్ తడుస్తుంది.

లీకు దొరకడం ఆలస్యమైనా ఆరబెట్టడం మాత్రం ఆలస్యం చేయవద్దు. తడి 24 నుంచి 48 గంటలు నిలిస్తే చాలు, బూజు మొదలవుతుంది, ఆ తర్వాత వాసన పోగొట్టడం లీకు పట్టుకోవడం కన్నా కష్టం, పిల్లలకో ఆస్తమా ఉన్నవాళ్లకో ఆ గాలి మంచిది కాదు. ఎండలో డోర్లు తెరిచి పెడితే పైపొర ఆరుతుంది, ఫోమ్ ఆరదు. కార్పెట్ లేపి కింద కట్టె ముక్కలు పెట్టి, ఫ్యాను గాలి కిందకి వెళ్లేలా పెట్టండి, ముందుగా వెట్ వాక్యూమ్‌తో పీలిస్తే సగం నీరు అప్పుడే పోతుంది. కొన్ని కార్లలో ఫోమ్ విడిగా వస్తుంది, వస్తే బయటికి తీసి ఆరబెట్టడం అన్నిటికన్నా మంచిది. సెంటు సీసాలు, వాసన బిళ్లలు వేసి తృప్తి పడకండి. కార్పెట్ లేపినప్పుడు దాని కింద కంట్రోల్ యూనిట్లు గానీ కనెక్టర్లు గానీ ఉన్నాయా చూడండి. ఏదైనా కనెక్టర్‌లో పచ్చటి పొర కనిపిస్తే బ్యాటరీ విప్పేసి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఉన్నట్టుండి సెంట్రల్ లాక్ పని చేయకపోవడం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం లాంటివి తడిసిన కార్లలో ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మీకు నేను సూచించే వరస ఇది: ఈ రోజు ఫిల్టర్ తీసి చూడండి, ఏసీ పరీక్ష చేయండి, తొట్టిలో చెంబుడు నీరు పోయండి. ఈ మూడింటికీ ఖర్చేమీ లేదు. అక్కడ తేలకపోతే సన్‌రూఫ్ పైపులు, డోర్ షీటు, ఆ తర్వాత నీళ్ల పరీక్ష. బాగు చేశాక కూడా కార్పెట్ వెంటనే వేసేయకండి, ముందు కారిన చోటే అదే పైపుతో అంతే సేపు నీరు పోసి చూడండి, ఆ తర్వాత ఒకటి రెండు గట్టి వానలు కార్పెట్ లేపి ఉంచే గడిపి, పౌడర్ మీద గీత పడకపోతే అప్పుడు క్లిప్పులు నొక్కండి. కొన్ని కార్లలో రెండు చోట్ల లీకు ఉంటుంది, పెద్దది ఆగాక గానీ చిన్నది బయటపడదు.